పదిహేడో బూత్‌లో ఆగిన తూటా

పోలింగ్ రోజు ఉదయం తొమ్మిదీ పదికి పదిహేడో నంబరు బూత్ దగ్గర పేలిన తూటా, పరిశీలకులు ఇంకా రాలేదు కాబట్టి, ఓటర్ల వరసలో ఉన్న దాలయ్య గుండెకు జానెడు దూరంలో గాలిలో ఆగింది. ప్రాంతీయ భద్రతా ఒప్పందం ప్రకారం సరిహద్దు జిల్లాలో ఏ హింసా అంతర్జాతీయ పరిశీలక మండలి చూడకుండా పూర్తి కాకూడదు. కిందటి ఎన్నికల్లో ఆగిన రెండు నాటుబాంబులు, ఎవరూ చూడటానికి రాక, ఇప్పటికీ బడిగదిలో వేలాడుతున్నాయి. వాటి కిందే రెండో తరగతి నడుస్తోంది.

బూత్ అధికారి శేషగిరి మాస్టారు ఫోన్ చేస్తే, మండలివారు మూడు గంటలకు వస్తామన్నారు. అప్పటిదాకా తూటా ఎదుట చోటు ఖాళీగా ఉండకూడదు. మిగతా ఓటర్లు తలలు వంచి తూటా కింద నుంచి వెళ్లి ఓట్లేశారు. కాల్చినవాడూ వేశాడు. తూటా తగిలేదాకా అతను నేరస్థుడు కాడు. వేలి మీద సిరా ఊదుకుంటూ ఇంటికి పోయాడు.

పదకొండున్నరకు ఆడవాళ్ల వరసలోకి వచ్చిన దాలయ్య భార్య నీలమ్మ, సంగతి చూసి పరుగెత్తుకొచ్చింది. మాస్టారి ముందు చేతులు జోడించింది.

"మా ఆయన్ని తప్పించండి బాబూ!"

"నా చేతిలో ఏముందమ్మా? ఆ చోట ఎవరో ఒకరు ఉండాలి."

"ఎవరో ఒకరంటే, నానున్నా సాలా?"

మాస్టారు నిబంధనల పుస్తకం తిరగేశారు. ఫలానా మనిషే అని ఎక్కడా లేదు.

"వొద్దే నీలమ్మా," అన్నాడు దాలయ్య.

"ఆల్లు మూడింటికి గదా వొస్తారు. ఓటేసి, గుక్కెడు నీల్లు తాగి రా. అందాకా నానుంతాను."

అతను పక్కకు జరగగానే ఆమె ఆ చోట నిలబడింది. అతని గుండెకెదురుగా ఉన్న తూటా ఆమె నుదుటికెదురుగా వచ్చింది.

పక్క బూత్‌లో వంట ఇంకా కాలేదని మండలి తెల్లబండి పన్నెండుకే వచ్చేసింది. "దొరలొచ్చారు, లైను సరిగ్గా ఉండాలి!" అని ఎవరో అరిచారు. ఇన్‌స్పెక్షన్లకు అలవాటుపడిన ఊరు అది. అందరూ చేతులు కట్టుకుని నిటారుగా నిలబడ్డారు. నీలమ్మను పక్కకు లాగాలని ఒక్కరికీ తోచలేదు. ఆమె కూడా కొంగు సర్దుకుని కదలకుండా నిలబడింది. పరిశీలకుడు బండి దిగి, చిరునవ్వుతో నమస్కారం పెట్టి, ఆమె వైపు చూశాడు.

నివేదిక అక్కడే రాశారు. ఒక సంఘటన నిబంధనల ప్రకారం పూర్తయింది. వరస క్రమశిక్షణతో ఉంది. మహిళలు ముందుకు రావడం ఆశాజనకం.

దాలయ్య సిరా వేలితో బయటికొచ్చి, అక్కడే కూలబడి బావురుమన్నాడు. మాస్టారు గడియారం చూసుకున్నారు. పోలింగు ముగియడానికి ఇంకా సమయం ఉంది. వెనకున్నవాళ్లు ఒక అడుగు ముందుకు జరిగారు.