గోడలో తామరపూలు

పెద్దకోడలి ఆ ఉదయపు ఏర్పాటు చాలా చిన్నది. ఇంటిపని తొందరగా ముగించుకుని, కాలేజీలో తనతో చదివినవాళ్ళంతా కలుసుకుంటున్న భోజనానికి వెళ్ళాలి. వెళ్ళేముందు తోడికోడలి గదిలో అద్దం ముందున్న నీలంరంగు సెంటు సీసా తీసి ఒక్కసారి, మహా అయితే రెండుసార్లు, కొట్టుకోవాలి. తోడికోడలు ఆఫీసుకి వెళ్ళిపోయింది. అడిగితే కాదనే మనిషి కాదు. కానీ ఏ మొహం పెట్టుకుని అడగడం? ఇంట్లో ఎవరి దువ్వెన వాళ్ళదే, ఎవరి తువ్వాలు వాళ్ళదే అని చట్టం చేసింది తనే. తన కత్తెర చెప్పకుండా తీసుకుందని మొన్ననే ఆ పిల్లకి భోజనాల బల్ల దగ్గర, అందరూ వింటుండగా, పెద్ద క్లాసు పీకింది.

ఆ సెంటు మాత్రం వదిలేది కాదు. తీపీ ఘాటూ ఏమీ ఉండవు. మొదట మొహాన చన్నీళ్ళు చల్లుకున్నట్టుంటుంది. కాసేపటికి ఎక్కడో నీళ్ళలో తామరలు విచ్చినట్టు, చివరికి వాన వెలిశాక తడిసిన రాతిమెట్లలా. ఆ పిల్ల పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా పెద్దకోడలికి తను పొద్దుటినుంచీ పొయ్యి దగ్గరే నిలబడి ఉన్న సంగతి గుర్తొచ్చేది.

మూత బిగుసుకుపోయి ఉంది. లాగింది. మూతతోపాటు కింద నొక్కే మర కూడా ఊడొచ్చి, సీసా చేతిలోంచి జారింది. పగల్లేదు కానీ, సగం సెంటు ఆ గదిని ఆనుకున్న స్నానాలగది గోడ పక్కన గచ్చు మీద పారింది. గబగబా గుడ్డ తడిపి తుడిచింది. ఫ్యాను పెట్టింది. తుడిచినకొద్దీ వాసన నడవా దాటి, వంటిల్లు దాటి, వీధిగుమ్మం దాకా నడిచి వెళ్ళింది. తగ్గినట్టు కనిపించకూడదని సీసాలో పంపునీళ్ళు పోసింది. లోపలిదంతా పాలు విరిగినట్టు తెల్లబడింది. అప్పుడే గుమ్మంలో అత్తగారు నిలబడ్డారు. పెద్దకోడలు సీసాని వీపు వెనక్కి పెట్టుకుంది.

"అమ్మాయ్, ఏమిటీ వాసన?"

అత్తగారు అద్దం వైపు చూడకుండా గోడనే చూస్తూ, "చెమ్మ వాసనలా లేదూ? గోడలో ఎక్కడో నీళ్ళు కారుతున్నట్టున్నాయి," అన్నారు.

మునిగిపోయేవాడికి తాడు దొరికినట్టయింది. "అవునత్తయ్యా, నాకూ అలాగే అనిపించింది. గచ్చు కూడా తడిగా ఉంది, చూడండి."

ఆ మాట మామగారి చెవిన పడకపోతే కథ అక్కడితో అయిపోయేది. ఆయన నీటి సరఫరా శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత నీళ్ళ గురించి ఆయన్ని అడిగినవాళ్ళు లేరు. సర్వీసంతా క్లోరిను పీల్చి ముక్కు ఏనాడో పనిచెయ్యడం మానేసింది కనక, వాసన విషయంలో ఇతరుల మాటే ఆయనకి సాక్ష్యం. ఇప్పుడు సాక్షులు ఇద్దరు. పేపరు మడిచి పక్కన పెట్టి, గ్లాసు గోడకి బోర్లించి చెవి ఆనించారు.

"కారుతోంది. నేను ఎప్పుడో చెప్పాను ఈ పైపు మంచిది కాదని. ప్లంబర్ని పిలవండి," అన్నారు. ఆ గొంతులో అంత హుషారు విని చాలాకాలమైంది.

ప్లంబరు వచ్చి ముక్కు ఎగబీల్చాడు. "ఏదో పూలవాసన లాగుంది సార్."

"పైపులో పాచి పడితే అలాగే ఉంటుందయ్యా. నువ్వు కొట్టు."

స్నానాలగది వైపునుంచి కొట్టాడు. టైలు మీద టైలు రాలుతోంటే ప్రతి దెబ్బా తన వీపు మీదే పడుతున్నట్టు పెద్దకోడలు ముడుచుకుపోయింది. ఇప్పుడు చెబితే తన పరువు పోతుంది. చెప్పకపోతే గోడ పోతుంది. మొదటి టైలు దగ్గరే చెప్పేసి ఉంటే సరిపోయేది. ఇన్నయ్యాక ఎలా చెప్పడం అనుకుంటూండగా ఇంకో వరస రాలింది. భోజనానికి రాలేదేమని స్నేహితురాళ్ళ ఫోన్లు మోగి మోగి ఊరుకున్నాయి.

ఇంతలో కింది వాటా ఆయన తలనిండా నురగతో మెట్లెక్కి వచ్చాడు. "సార్, నీళ్ళు ఆగిపోయాయి."

"ఆగలేదు, ఆపాను. మీ కప్పు కూలకుండా చూస్తున్నాం. కాస్త ఓపిక పట్టండి."

సంగతి తెలిసి ఆఫీసునుంచి పరుగెత్తుకొచ్చిన తోడికోడలు, గోడ ఉండాల్సినచోట పైపు చూసి అలాగే నిలబడిపోయింది. పైపు శుభ్రంగా, పొడిగా, కొత్తదానిలా మెరుస్తోంది. మామగారు దాన్ని వేలితో తడిమారు. మళ్ళీ తడిమారు. కింది వాటా ఆయన కళ్ళలోకి కారుతున్న నురగ తుడుచుకుంటూ, "మీ సర్వీసు ఉన్నన్నాళ్ళూ మన ఊరి కుళాయిల్లో నీళ్ళెలా వచ్చాయో ఇప్పుడు ఆశ్చర్యంగా ఉంది సార్," అన్నాడు.

మామగారు వేలు పంచెకి తుడుచుకున్నారు. అది చూడలేకపోయింది పెద్దకోడలు.

"గోడలో ఏమీ లేదు మామయ్యా. సెంటు ఒలకబోసింది నేను. ఈ పిల్లది చెప్పకుండా తీసుకున్నాను. తగ్గినట్టు తెలియకూడదని నీళ్ళు కూడా పోశాను."

ప్లంబరు కొట్టిన కన్నం ఇంకొంచెం పెద్దదైతే అందులో దూరి కూచునేది.

తోడికోడలు అద్దం ముందున్న తెల్లబడ్డ సీసాని వెలుతురులో ఎత్తి చూసింది. "అయితే నెలనుంచీ తీస్తున్నది మీరేనా అక్కా?"

"నెలేమిటి? ఇవాళే. అదీ చుక్క ఒంటిమీద పడలేదు."

"మరి రోజూ తగ్గుతోందే. సీసా కారుతోందని కొట్టువాడితో పెద్ద గొడవ పెట్టుకున్నాను. నోటికొచ్చినట్టల్లా తిట్టాను. పాపం, మారుమాట్లాడకుండా కొత్తది ఇచ్చాడు. ఇది ఆ కొత్తదే."

అత్తగారు సన్నగా దగ్గారు. "నేనే."

అందరూ అటు తిరిగారు.

"మధ్యాహ్నం మీరెవరూ లేనప్పుడు, కాస్త. పొద్దున ఇల్లంతా గుప్పుమనేసరికి నా బండారమే బయటపడిందనుకుని నీళ్ళు కారుతున్నాయని అనేశాను. ఇదేమో అవునత్తయ్యా అంది. ఇది అవునన్నాక నిజంగానే కారుతున్నాయేమోనని నేనూ నమ్మాను."

"ఈ వయసులో నీకు సెంటెందుకే?" అన్నారు మామగారు.

"నెలనుంచీ పక్కనే కూచుంటున్నా. ఒక్కసారైనా కనిపెట్టారా?"

మామగారు భార్యని చూశారు, గోడని చూశారు, తలవంచుకున్న కోడళ్ళిద్దరినీ చూశారు. వాసన సంగతి తేలింది గానీ పైపు సంగతి ఇంకా తేలలేదంటూ ప్లంబర్ని అవతలి గోడ మొదలుపెట్టమన్నారు. వద్దని చెప్పే మొహం ఆ ఇంట్లో ఎవరికీ లేకపోయింది.