పక్క నియోజకవర్గపు పురుగులు

"ఇకమీదట ఈ కొలియాజాన్ టీ తోటలో ఏ జీవీ మరో జీవి రక్తం తాగడానికి వీల్లేదు!"

ఆరోగ్యశాఖ మంత్రి గిరీన్ హందిక్ గారు వేదిక మీద ఇలా ప్రకటించగానే మా మేనేజరు మొహం పాలిపోయింది. అది కడుపులో పురుగుల గురించని తెలిశాక అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

నేను ఆ తోటలో ఆకు తూచే గుమాస్తాని, అక్కడి మాటలో బాబుని. అస్సాంలో మంత్రులకు కొదవ లేదు. కానీ ఒక్క ఉపన్యాసంతో పురుగులను రూపుమాపినవారిని ఈయన్నే చూశాను. ముందు వరసలో కూర్చున్న వాళ్ళకు తలో మాత్ర వేశారు. కెమెరా వైపు నోళ్ళు తెరిపించారు. 'పురుగులు లేని తోట' అని బోర్డు పాతి వెళ్ళిపోయారు.

వానలు పడ్డాయి. ఆకు కోసే బుధ్నీ తాంతి గట్టు మీద కూలబడింది. ఆరో నెల గర్భిణి. మా తోట డాక్టర్ జూరీ మహంత ఆమె కనురెప్ప తిప్పి చూసింది. లోపల తెల్లగా ఉంది.

"కొంకి పురుగులు. ఉత్త కాళ్ళతో తడి మట్టిలో తిరుగుతావుగా, అరికాల్లోంచి దూరతాయి. రక్తంలో పడి ఊపిరితిత్తులకి, గొంతుకి, అక్కణ్నుంచి పేగుకి చేరతాయి. పేగు గోడని పళ్ళతో పట్టుకుని, రక్తం గడ్డకట్టకుండా ఏదో రసం వదులుతాయి. తాగేది కొంత, కారబెట్టేది కొంత."

"అన్ని తెలివితేటలున్న పురుగు నా కడుపులోకెందుకొచ్చింది దీదీ? మేనేజరు బంగళాకి పోవచ్చుగా?"

"బంగళాలో బూట్లేసుకుంటారు."

నాకు మాత్రం డాక్టరు గొంతు తగ్గించి చెప్పింది: "ఈ రక్తంతో కానుపు గట్టెక్కదు బాబూ."

మందులు, మరుగుదొడ్లు, బూట్లు కావాలని ఆమె ఆరోగ్యశాఖకి ఫోన్ చేస్తే సాక్షాత్తూ మంత్రిగారే మాట్లాడారు.

"మీ తోటలో పురుగులు లేవు కదమ్మా! ఎక్కణ్నుంచొచ్చాయి?"

"పేషెంటు కడుపులోంచి సార్."

"అవి మనవి కావు. వాగు అవతల ప్రతిపక్షం వాళ్ళ నియోజకవర్గం ఉందే, అక్కణ్నుంచి ఓర్వలేక పంపిస్తున్నారు."

"సార్, పురుగులకి పార్టీ ఉండదు."

"మొదట్లో అందరూ అలాగే అంటారమ్మా."

ఈ మాట వాగు దాటింది. ప్రతిపక్ష ఎమ్మెల్యేకి రోషం వచ్చి, అవతలి ఒడ్డున గుడారం వేసి 'అవును, మా పురుగులే!' అని బ్యానరు కట్టాడు. పురుగుల మాత్రలు, రక్తం మాత్రలు, రబ్బరు బూట్లు ఊరికే ఇచ్చాడు. మా ఆడవాళ్ళు వెదురు వంతెన మీదుగా బారులు తీరారు. కొన్ని వారాలకి బుధ్నీ మొహంలో రంగొచ్చింది.

ఆ రోజుల్లోనే మంత్రిగారు చిక్కిపోసాగారు. ఎంత తిన్నా ఒంటికి పట్టడం లేదు. ప్రజాసేవలో కరిగిపోతున్నారని పార్టీవాళ్ళు పోస్టర్లు వేశారు. చివరికి ఒకరోజు పొద్దున మరుగుదొడ్డిలో రిబ్బను ముక్కల్లాంటివి తెల్లగా, కదులుతూ బయటపడ్డాయి.

సొంత నియోజకవర్గంలో చూపించుకుందామంటే అక్కడ పురుగులు లేవాయె. ఆయన భుజం మీది గమోసా తువ్వాలుతో మొహం కప్పుకుని అవతలి గుడారానికి వచ్చి వరసలో నిలబడ్డారు. నేనూ ఆ వరసలోనే ఉన్నాను. బాబులకు కూడా కడుపులుంటాయి.

"బద్దెపురుగు. పంది మాంసం సగం ఉడికింది తింటారా?" అని అడిగాడు అక్కడి డాక్టరు.

"జనం ప్రేమతో పెడితే ఉడికిందా లేదా అని అడుగుతామా?"

"దీనికి నోరు లేదు, పొట్టా లేదు. మీరు తిని అరిగించుకున్నదాన్ని ఒంటితో పీల్చేస్తుంది. తలతో పేగుకి అతుక్కుని కూర్చుంటుంది."

"ఏ పనీ చెయ్యదా?"

"పొడుగవుతుంది."

మంత్రిగారు తన పొట్ట మీద గౌరవంగా చెయ్యి వేసుకున్నారు.

మాత్రల కోసం వరసలో నిలబడ్డ బుధ్నీ ఆ గొంతు గుర్తుపట్టింది. "మన ఒడ్డున పురుగుల్లేవన్నారుగా మంత్రిగారూ, ఇటెలా వచ్చారు?"

ఎవరో ఫొటో తీశారు. మంత్రిగారు తాపీగా గమోసా తొలగించి చేతులు జోడించారు.

"ఈ పార్టీలో చేరడానికి వచ్చాను."

ఆయన వెంట మరికొందరు ఎమ్మెల్యేలు కదిలారు. ప్రభుత్వం పడిపోయింది. కొత్తది లేచింది. ఆరోగ్యశాఖ మాత్రం ఆయన దగ్గరే ఉంది. వాగు అవతలి ఒడ్డున కూడా పురుగులు లేవన్న ఫైలు మీద ఆయన మొదటి సంతకం పెట్టారు. ఆ మధ్యాహ్నమే గుడారం ఎత్తేశారు.

నిండు నెలలతో బుధ్నీ వంతెన దాటి వచ్చేసరికి గుంజలు పాతిన గుంతలు మాత్రం మిగిలాయి.

"రక్తం మాత్రలు ఇంకా వాడాలన్నారు బాబూ. ఇప్పుడు ఏ ఒడ్డుకి పొమ్మంటావు?"

నేను ఇటూ అటూ చూశాను. రెండు ఒడ్డుల మీదా మంత్రిగారే, పోస్టర్లలో, నిండుగా ఒళ్ళు చేసి నవ్వుతున్నారు.