చంకలో ప్రదక్షిణ

శ్రీపాదరావును ఏడేళ్లుగా ఒక సందేహం పీడిస్తోంది. కూతురు దీపశ్రీ రెండేళ్లప్పుడు జ్వరంతో కళ్లు తేలేస్తే, బిడ్డ బతికితే దాని కాళ్లతోనే తొమ్మిది ప్రదక్షిణలు చేయిస్తానని మంత్రాలయంలో మొక్కుకున్నాడు. బిడ్డ బతికింది. కానీ వెళ్లినప్పుడల్లా రెండో చుట్టుకే కాళ్లు నొప్పులని కూలబడేది. మిగిలినవి ఆయనే చంకనెత్తుకొని తిరిగేవాడు. మరి అవి ఎవరి ప్రదక్షిణలు?

ఆదోని డాక్టరు ఆ సందేహం జోలికి పోలేదు. "ఎముకలు మెత్తబడినాయి సామీ. ఎండ తగలాల. పాలు, రాగులు తినాల. ఎగిరి ఆడితేనే కండ పడుతుంది. ఇట్లే ఇంట్లో పెట్టినారంటే కాళ్లు వంకరపోతాయి. ఆదోనిలో ఎండకు కరువేంది?"

ఎండకు కరువు లేదు. అడ్డం వచ్చింది మడి. వీధిలో ఆడివచ్చి వంటింట్లో ఏది ముట్టుకుంటుందోనని తల్లి తులసీబాయి పిల్లను గడప దాటనిచ్చేది కాదు.

మర్నాడు పొద్దున్నే పిల్లను మిద్దె ఎక్కించారు. అక్కడ మడిబట్టలు ఆరేసి ఉన్నాయి. తులసీబాయి నడుమ పీట వేసి, చుట్టూ సుద్దముక్కతో గీత గీసింది.

"ఇది దాటొద్దు."

"డాక్టరు ఆడమన్నాడు కదమ్మా?"

"మనసులో ఆడుకో."

పక్క మిద్దె మీద మిరపకాయలు ఎండబెడుతున్న ఈరమ్మ ఇది చూసింది. "పాప ఏం తప్పు చేసిందమ్మా?" అని అడిగింది. అప్పటికే తులసీబాయి పూజకని మౌనం పట్టింది. ఆమె సూర్యుణ్ణి చూపించి, పిల్ల కాళ్లు చూపించి, దండం పెట్టింది. ఈరమ్మ మిరపకాయలు వదిలేసి కిందికి పరుగెత్తింది.

ఆమె స్కూలు టీచరు ప్రేమలతతో చెప్పేటప్పటికి అది 'పాప కాళ్లు సూర్యుడికి మొక్కేసినారంట' అయింది. ఆ మాట వీధి చివరకు చేరేసరికి ఆ కాళ్లు కాలుస్తున్నారు. మూడోరోజు ప్రేమలత పిల్లల రక్షణ ఆఫీసు వాళ్లను ఇద్దరిని వెంటబెట్టుకొచ్చింది.

"బిడ్డను ఎండలో కట్టేసినారంట?" అని ఆఫీసువాళ్లు అడిగారు.

ఆ రోజు ఊళ్లో మఠం వంటపనికి సెలవు పెట్టి, అప్పుడే అంగడి నుంచి వచ్చిన శ్రీపాదరావు, పిల్లను దించుకు రావడానికి మిద్దెకు పరుగెత్తాడు. పైమెట్టుకు అడ్డంగా మడిపంచె వేలాడుతోంది. తన మైలబట్టలు దానికి తగలకూడదని పక్కకు వంగాడు. ఆ వంగడం పదకొండు మెట్ల కింద ఆగింది. తొడ ఎముక ఎండు పత్తికట్టెలా విరిగింది.

దీపశ్రీ గీత దాటింది. మడిబట్టలన్నీ ఈడ్చుకుంటూ దిగి, వీధిలోకి పరుగెత్తి ఆటో తెచ్చింది. ఆ పిల్ల పరుగెత్తడం ఎవరైనా చూడటం అదే మొదలు.

"ఈ మాత్రానికే యాల ఇరిగిందా అని రక్తం పరీక్ష చేయించినాను," అన్నాడు డాక్టరు. "పాప ఎముకల కన్నా మీవే అధ్వానం. మీరు ఎండ చూసి ఎన్నాళ్లయింది సామీ?"

ఇరవయ్యేళ్లుగా ఆయన తెల్లవారుజామున మఠం వంటశాలలోకి పోయి పొద్దుగూకినాక వస్తున్నాడు.

ఈరమ్మ తలవంచుకొని రాగులు తెచ్చింది. "నా నోటి వల్లే కదా తల్లీ ఇదంతా."

తులసీబాయి ఆ రాగులు అందుకుంది. తర్వాత కూతురి వైపు తిరిగింది. "పో, ఆడుకోపో. వచ్చినాక నీళ్లు పోస్తాలే."

ఆరు నెలలకు మంత్రాలయం వెళ్లారు. శ్రీపాదరావు ఎముక ఇంకా అతకలేదు. చక్రాల కుర్చీని దీపశ్రీ తోసింది. ఎక్కడా కూలబడకుండా తొమ్మిది చుట్లూ తిరిగింది.

"ఇవి నీ ప్రదక్షిణలా, నావా అమ్మా?" అని అడిగాడు.

"నడిచింది నేను కదప్పా."

మొక్కు తీరింది. శ్రీపాదరావు కుర్చీలోంచే చేతులు జోడించాడు. ఆనాడు మొక్కుకున్నప్పుడు తన కాళ్ల సంగతి కూడా ఒక మాట చెప్పుకొని ఉండాల్సిందని తోచింది.