పల్లంరాజు గారి గూడబాతు

ఎవరి సరుకునైనా బాగుచేసి నలుగురికీ పంచాలంటే, ముందు దాని మీద వాళ్ల పేరు చెరిపెయ్యాలి. అదే మర్యాద! నవ్వకండి. ఈ మధ్యే నేర్చుకున్నాను. నేర్చుకున్నది ఊళ్లో చెప్పకుండా ఉండలేని జబ్బు నాది.

మా తణుకులో పల్లంరాజు గారని, కంప్యూటర్ సెంటర్ నడుపుతారు. ఆయన ఓ విదేశీ కంపెనీ వాళ్ల బ్లూ పెలికాన్ అనే బ్రౌజర్, అదేనండీ, ఇంటర్నెట్ చూసే సాఫ్ట్‌వేర్, దింపుకున్నారు. ఊరికే ఇస్తారు. లోపలి కోడ్ కూడా ఇచ్చేసి, విప్పుకుని మార్చుకోమంటారు. ఎంత ధర్మాత్ములండీ!

అయితే అందులో తెలుగు పేపరు తెరిస్తే అక్షరాల బదులు డబ్బాలు కనపడేవి. రాజుగారు రెండు నెలలు కూర్చుని, కోడ్ మార్చి, గుణింతాలూ వత్తులతో సహా తెలుగు రప్పించారు. హైస్కూల్ ల్యాబ్‌లో సూర్యకళ టీచర్ గారు ఆ సీడీ ఎక్కించగానే పిల్లలు పోటీలు పడి పైకి చదివేశారు. టీచర్ గారైతే కళ్లు తుడుచుకున్నారట.

ఇక్కడే రాజుగారు ఘోరమైన తప్పు చేశారు. మన గోదావరి వాళ్ల బుద్ధి తెలుసుగా! పక్కింటి చిక్కుడు విత్తనం వేసినా, కాయలు పంచేటప్పుడు "సుబ్బాయమ్మ గారి విత్తనమండీ" అంటాం. అనకపోతే మనకి అన్నం అరగదు. అలాగే ఆయన సీడీ మీద "బ్లూ పెలికాన్ వారి దయతో" అని అచ్చు వేయించి, వాళ్ల కంపెనీ గుర్తు, పక్షి బొమ్మ, పెద్దది పెట్టి, మర్యాదగా కంపెనీకీ ఒకటి పంపించారు.

జవాబొచ్చింది. కోడ్ మీ ఇష్టం, మార్చుకోండి, పంచుకోండి. మార్చిన దాని మీద మాత్రం మా పేరూ, మా బొమ్మా ఉండకూడదు!

నిజమే కదా, మన తప్పులు వాళ్ల నెత్తిన ఎందుకు పడాలి? ఈ పద్ధతి జిల్లా అంతా పెట్టాలంటాను. అత్తగారు నేర్పిన పులుసులో కోడలు ఓ బెండకాయ ఎక్కువ వేసిందా, ఇక అత్తగారి పేరెత్తకూడదు! తాతగారి పేరు పెట్టుకున్న మనవడు మీసం తీసేశాడా, పేరు కూడా తీసెయ్యాలి!

రాజుగారు పాత సీడీలన్నీ వెనక్కి తెప్పించారు. పెలికాన్ అంటే మన కొల్లేరు గూడబాతే కాబట్టి, "గూడబాతు" అని పేరు పెట్టి, బొమ్మ ఆయనే గీశారు. కొంచెం బాతులా, ఎక్కువ సొరకాయలా వచ్చింది.

హెడ్మాస్టర్ వీరబ్రహ్మం గారు కొత్త సీడీ తిప్పితిప్పి చూశారు.

"ఏంటండీ రాజుగారూ ఇది? మొన్న ఒరిజినల్ ఇచ్చి, ఇప్పుడు డూప్లికేట్ అంటగడతారా?"

"లోపల అదేనండి. వాళ్ల పేరు ఉంచితేనే తప్పంటండి."

"పేరు చెబితే తప్పేంటండీ! రేపు ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు గూడబాతంటే నవ్వరూ?"

వెంటనే అది పీకించేసి, కంపెనీ వాళ్ల సైట్ నుంచే అసలు సిసలు బ్లూ పెలికాన్ దింపించారు.

ఇప్పుడంతా క్షేమం. కంపెనీ పేరు భద్రం, హెడ్మాస్టర్ గారి పరువు భద్రం. నిన్న ల్యాబ్‌కి వెళ్లి కళ్లారా చూశాను. స్క్రీన్ నిండా మళ్లీ డబ్బాలే. సూర్యకళ గారు పేపరు చేత్తో పట్టుకుని, ఆ వార్త బోర్డు మీద సుద్దముక్కతో రాస్తూ, "ఆ డబ్బాల్లో ఇది ఉందనుకోండర్రా" అంటున్నారు.

పక్షి బొమ్మ మాత్రం ఒరిజినలేనండి!