ఎనిమిదో ఎముకపై అభ్యంతరం

మంగళవారం ఉదయం పదకొండింటికి రాష్ట్ర కైరోప్రాక్టిక్ అర్హతా మండలి పరీక్ష జవాబుల కీ విడుదల చేసింది, పదకొండూ ఐదుకల్లా రాష్ట్రంలో అందరి మెడల్లోనూ ఎముకలు ఏడు నుంచి ఎనిమిది అయ్యాయి. ఆ ఐదు నిమిషాల ఆలస్యానికి సర్వరు మొరాయించడమే కారణమని మండలి విచారం తెలిపింది. ఎముక గురించి విచారమేమీ తెలపలేదు. కీలో ఉన్నది శరీరంలో ఉండాలన్నది నిబంధన, శరీరాలు నిబంధనలు బాగానే పాటిస్తాయి.

ఇదేం మొదటిసారి కాదు. చిన్నపేగు పొడవు నాలుగు మీటర్లని కీలో పడిన ఏడాది జనానికి ఆకలి కాస్త తగ్గింది, పౌరసరఫరాల శాఖవాళ్లు మండలికి శాలువా కూడా కప్పారు. మరో ఏడాది ప్లీహం కుడిపక్కకు మారింది. అదెందుకుందో ఎవరికీ తెలీదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఈసారి మాత్రం మెడ ఎడమవైపుకి సగమే తిరుగుతోంది. ఆటోవాళ్లు అద్దాలు వంచుకున్నారు, దర్జీలు కాలరు అరంగుళం పెంచారు, రోడ్డు దాటేవాళ్లు కుడివైపు మాత్రమే చూసి దాటడం మొదలుపెట్టారు. వాళ్లలో చాలామంది దాటారు కూడా.

గుంటూరు కొత్తపేటలో మెడలూ నడుములూ సరిచేసే దొప్పలపూడి హైమావతికి ఈ ఎముక వల్ల ఒక మార్కు పోయింది. పదకొండేళ్లుగా ఆవిడ చేతులతో చేస్తున్న పనిని ఇకమీదట కైరోప్రాక్టిక్ అనాలనీ, దానికి లైసెన్సు కావాలనీ, లైసెన్సుకి మౌలిక శాస్త్రాల పరీక్ష పాసవాలనీ, ఆ పరీక్ష మూడుసార్లే రాయనిస్తామనీ మండలి ఉత్తర్వు ఇచ్చింది. ఇది మూడోసారి. డెబ్బై ఐదు రావాలి, కీతో సరిచూసుకుంటే డెబ్బై నాలుగు వచ్చాయి. మెడలో ఎముకలెన్ని అన్న ప్రశ్నకు ఆవిడ ఏడు అని పెట్టింది. ఆ ఒక్క మార్కూ రాకపోతే గదికి తాళం వేసి, బట్టల షాపులో చీరలు మడతపెట్టే పనికి పోవాలి.

చదవక కాదు. ఏడాది పాటు అరండల్‌పేటలోని పానకాలరావు సార్ కోచింగ్ సెంటర్లో ఉదయం ఆరింటికల్లా మొదటి బెంచీలో కూర్చుంది. సార్ తన క్లాసులోకి అస్థిపంజరాన్ని రానిచ్చేవాడు కాదు, దాన్ని చూస్తే అభ్యర్థులు పాడైపోతారని ఆయన భయం. అనాటమీ శవంలో ఉండదు, కీలో ఉంటుంది అనేవాడు. పదేళ్ల కీలన్నీ కుట్టించి పుస్తకం వేశాడు. జవాబుతో పాటు సంవత్సరం కూడా బట్టీ పట్టాలి, కాలేయం బరువు ఫలానా ఏడాది కీ ప్రకారం ఇంత అని. హైమావతి అంతా బట్టీ పట్టింది. మెడ ఒక్కటి మాత్రం రోజూ తడిమేదే కదా అని వేళ్లను నమ్ముకుంది. ఆ మాట విని సార్ నొచ్చుకున్నాడు. సెల్‌ఫోను తేకూడదని చెప్పాను గానీ వేళ్లు తేకూడదని చెప్పలేదు, నాదే తప్పన్నాడు.

కీ మీద అభ్యంతరం చెప్పడానికి వారం గడువుంది. ఆధారం చూపించాలి. పుస్తకాలు చెల్లవు, అవన్నీ మంగళవారానికి ముందు అచ్చయినవి. మేకను తీసుకురావచ్చా అని హైమావతి మండలి కౌంటర్లో అడిగింది, మేక మెడలో ఇప్పటికీ ఏడే మరి. గుమస్తా నియమావళి అంతా ఓపిగ్గా తిరగేసి, మేకలు సిలబస్‌లో లేవన్నాడు. ఏడు ఎముకలున్న మనిషే కావాలి. హైమావతి తన మెడ తానే తడిమి లెక్కపెట్టుకుంది. ఎనిమిది.

అప్పుడు నాగూర్ వలి గుర్తొచ్చాడు. మిర్చి యార్డులో ముప్పై ఏళ్లు బస్తాలు మోసిన హమాలీ, ఆవిడ దగ్గర చాలాకాలంగా మెడ చూపించుకుంటున్న మనిషి. ఆరేళ్ల కిందట పింఛను రికార్డులో ఎవరో తప్పు గడిలో టిక్కు పెట్టడంతో ఆయన చనిపోయాడు. అప్పట్నుంచీ బతికే ఉన్నానని ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు. వాళ్లు కుర్చీ వేసి కూర్చోబెట్టి, చనిపోయినవాళ్ల అర్జీలు తీసుకునే కిటికీ లేదని మర్యాదగా చెబుతున్నారు. మండలి ఉత్తర్వులైనా కీలైనా బతికున్నవాళ్లకే వర్తిస్తాయి. హైమావతి ఆయన మెడ తడిమి చూసింది. వేళ్లు ఏడు లెక్కపెట్టి ఆగాయి.

ఎక్స్‌రే తీయించుకుని ఇద్దరూ మండలి ఆఫీసుకు వెళ్లారు. గుమస్తా ఫిల్ముని కిటికీ వెలుగులో పెట్టి చూసి ముచ్చటపడ్డాడు, ఏడే ఉన్నాయని ఒప్పుకున్నాడు. కాకపోతే సాక్షి బతికున్నట్టు సర్టిఫికెట్టు కావాలన్నాడు. మండలి లెటరుంటే పక్క భవనంలో పావుగంటలో ఇస్తారు, లెటరు నేనే టైపు కొట్టిస్తానన్నాడు. అన్నట్టే కొట్టిచ్చాడు, మంచి మనిషి.

పక్క భవనంలో వేలిముద్ర యంత్రం ముందు నిలబడ్డాక ఇద్దరికీ సంగతి అర్థమైంది. వేలు పెడితే ఆయన బతుకుతాడు. బతికిన మరుక్షణం కీ వర్తిస్తుంది. నాగూర్ వలి వేలు గాల్లోనే ఆపి, ఎడమపక్కనున్న హైమావతి వైపు తల పూర్తిగా తిప్పి చూశాడు.

"ఏడుంటే నేను లేను. ఎనిమిదైతే ఉన్నా. ఏం చెయ్యమంటావమ్మా?"

హైమావతికి ఏడుపొచ్చింది. కోర్టుకు పోతే ఎప్పటికైనా పనికొచ్చే మెడ అది. తను రాసింది తప్పు కాదనడానికి ఆవిడకు మిగిలింది అదొక్కటే. ఇంకొన్నేళ్లు చచ్చిపోయి ఉండు బాబాయ్ అని అడగాలని నోటిదాకా వచ్చింది.

"పెట్టు బాబాయ్," అంది.

పచ్చలైటు వెలిగింది. ఆయన మెడలో టక్కుమంది. యంత్రం దగ్గరున్న మనిషి సర్టిఫికెట్టు చేతికిచ్చి అభినందనలు చెప్పాడు.

అభ్యంతరాల కమిటీ అధ్యక్షుడు విశ్వంభరం గారు సౌమ్యుడు. స్వయంగా లేచొచ్చి నాగూర్ వలి మెడ లెక్కపెట్టాడు. ఎనిమిది. ఆ ఎక్స్‌రే, సాక్షి చనిపోయి ఉన్నప్పుడు తీసినదనీ, బతికాక లోపం సరైపోయిందనీ ఫైల్లో రాయించాడు.

"మీరు రాసింది రాసిన రోజుకి కరెక్టేనమ్మా," అన్నాడు. "దిద్దిన రోజుకి తప్పు. మనం లెక్కలోకి తీసుకునేది దిద్దిన రోజునే."

ఆయనే ఒక ఉపనిబంధన కూడా వెతికిపెట్టాడు. అభ్యంతరాన్ని స్వచ్ఛందంగా వెనక్కి తీసుకున్నవాళ్లకు సహకార మార్కు ఒకటి కలపొచ్చు. దానికి ఒక వాక్యం రాసి సంతకం పెడితే చాలు: నా మెడలో ఎనిమిది ఎముకలు ఉన్నవి, మొదటి నుండి ఉన్నవి. మొదటి సగం హైమావతి గబగబా రాసింది, అది నిజమే. రెండో సగం దగ్గర పెన్ను ఆగింది. బట్టల షాపు కళ్ల ముందు కదిలింది. పెన్ను మళ్లీ కదిలింది. ఆవిడకు సిగ్గేసింది గానీ, ఫారంలో దానికి గడి లేదు.

లైసెన్సు వచ్చింది. గోడకి తగిలించిన నాటినుంచీ గదిలో నిలబడ్డానికి చోటు లేదు, ఊళ్లో మెడ నొప్పి లేని మనిషి లేడు మరి. రెండో నెల పింఛను అందుకుని నాగూర్ వలి వచ్చాడు. బల్ల మీద బోర్లా పడుకున్నాడు.

"నొప్పి ఆ ఎనిమిదోదాని వల్లే కదమ్మా?"

బెంచీ మీద జనం వింటున్నారు. ఆవిడ వేళ్లు సరిగ్గా ఆ ఎముక మీదే ఉన్నాయి.

"ఎనిమిదీ మొదట్నుంచీ ఉన్నవేగా బాబాయ్," అంది హైమావతి. "వయసు."

ఆయన తల తిప్పి ఆవిడ మొహం చూడబోయాడు. తల సగంలో ఆగిపోయింది. మళ్లీ బల్లకి ఆనించాడు.

"అంతేలేమ్మా. పరీక్ష పాసైనదానివి, నీకు తెలీదా."

ఆవిడ మెడ నొక్కడం మొదలుపెట్టింది. బెంచీ మీద మిగతా పదకొండు మందీ, ఎవరూ ఎటూ తిరగకుండా, ఎదురుగా ఉన్న గోడకేసి చూస్తూ కూర్చున్నారు.