కుక్కతో మాత్రం వెల్ష్‌లో

బ్రిన్‌గ్వెర్న్ గ్రామ ప్రజలకు జిల్లా మండలి వారు తెలియజేయునది ఏమనగా: మీ ఊరి బడిలో పిల్లలు పదిహేడుగురే ఉన్నందున దానిని మూసివేయుటకు నిశ్చయించడమైనది. అయితే మీ ఊళ్ళో వెల్ష్ నిత్యం వాడుకలో ఉన్న భాష అని రుజువైన పక్షంలో, అటువంటి ఊరి బడిని మూయరాదని నిబంధన ఉన్నది. ఈ విషయం చెవులారా విని నిర్ధారించడానికి మా అధికారిణి వచ్చే బుధవారం మీ ఊరికి విచ్చేస్తారు. ఆమె కోసం మీరు ప్రత్యేకంగా ఏమీ చేయనక్కరలేదు. మామూలుగా మాట్లాడుకుంటే చాలు.

ప్రకటన వేల్స్ దేశపు సొంత భాష వెల్ష్‌లోనూ, ఇంగ్లీషులోనూ తపాలా కొట్టు తలుపుకి అతికించారు. ఊరివాళ్ళంతా ఇంగ్లీషు వైపే చదివారు. వెల్ష్ రాక కాదు. ప్రభుత్వం వారి వెల్ష్ అర్థం కావాలంటే పక్కన ఇంగ్లీషు చూడక తప్పదని అక్కడ చంటిపిల్లలకు కూడా తెలుసు.

నెస్టా ఆ బడిలో వంటమనిషి. ఇరవై మూడేళ్ళుగా ఊళ్ళో పుట్టిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ మధ్యాహ్నం ఆమె చేతి గొర్రెమాంసం పులుసే. బడి మూస్తే ఆమెకు వేరే కొలువు లేదు, పిల్లలు పొద్దున్నే బస్సెక్కి తొమ్మిది మైళ్ళ దూరంలో ఉన్న పట్నానికి పోవాలి. ప్రకటన చదివి ఆమె గుండెల మీద చెయ్యి వేసుకుంది. "బతికిపోయాం" అంది తపాలా కొట్టు తెగ్వెన్‌తో. "మామూలుగా మాట్లాడితే చాలంట. ఊపిరి పీల్చమన్నట్టుంది."

"ఆమాత్రం పీల్చలేమా!" అంది తెగ్వెన్. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వుకోవడం వెల్ష్‌లోనే జరిగింది. వినడానికి అధికారిణి లేదు.

ఆ ఊరి మర్యాద గురించి ఇక్కడ కొంత చెప్పుకోవాలి. పదిమంది వెల్ష్‌లో మాట్లాడుకుంటున్న గదిలోకి వెల్ష్ రాని మనిషి ఒక్కరు అడుగు పెడితే, పదిమందీ వాక్యం మధ్యలోనే ఇంగ్లీషులోకి దిగిపోతారు. వచ్చినవాడు కిటికీ అద్దాలు తుడవడానికి వచ్చినా సరే, దిగాల్సిందే. వెల్ష్ వచ్చో రాదో తెలియకపోతే రాదనే అనుకోవాలి. అడగడం మొరటుతనం. ఇక రెండో నియమం ఇంకా గట్టిది. ఇద్దరు మనుషులు మొదటిసారి ఏ భాషలో పలకరించుకున్నారో, చచ్చేదాకా వాళ్ళ మధ్య ఆ భాషే.

నెస్టా సంసారమే చూడండి. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట ఎవరిదో పెళ్ళి విందులో గెథిన్ పరిచయమయ్యాడు. బల్ల దగ్గర ఒక ఇంగ్లీషు అమ్మాయి కూర్చుని ఉండబట్టి అంతా ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. గెథిన్‌కి కూడా వెల్ష్ వచ్చని నెస్టాకి తెలిసేసరికి ఉంగరాలు మార్చుకోవడం అయిపోయింది. ఇక భాష మార్చుకుంటే ఏం బాగుంటుంది? ఒక వారం ప్రయత్నించారు. పరాయి మగాడితో కాపురం చేస్తున్నట్టుందని నెస్టా సిగ్గుపడిపోయింది. అప్పటినుంచి ప్రేమ, పోట్లాట, పింఛను లెక్కలు అన్నీ ఇంగ్లీషులోనే. ఇంట్లో ఇద్దరూ వెల్ష్ మాట్లాడేది మోట్‌తో మాత్రం. మోట్ వాళ్ళ కుక్క. ఆ ఇంట్లో మాతృభాషకు దక్కవలసిన గౌరవమంతా ఆ కుక్క ఒక్కటే అనుభవిస్తోంది.

బుధవారానికి ఏర్పాట్లు చేయడానికి వెల్ష్ భాషా పరిరక్షణ సంఘం అత్యవసరంగా సమావేశమైంది. అధ్యక్షులు ఇద్వాల్ గారు. ఆయన గ్రామ మండలికి పెద్ద, ప్రార్థన మందిరానికి పెద్ద, ఎవరి ఇంట్లో శవం లేచినా ముందు వరసలో నడిచే పెద్ద. సమావేశం ఇంగ్లీషులో జరిగింది. సభ్యుల్లో క్లైవ్ ఆగ్డెన్ ఉన్నాడు గనక జరగక తప్పలేదు.

క్లైవ్ ఎనిమిదేళ్ళ కిందట స్టాక్‌పోర్ట్ నుంచి వచ్చి స్థిరపడిన ఇంగ్లీషువాడు. బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యాడు. వచ్చిన మర్నాడే వెల్ష్ తరగతిలో చేరి ఏడేళ్ళు చదివాడు, పరీక్షలన్నీ గట్టెక్కాడు. ఎదురుపడిన ప్రతివాళ్ళతోనూ వెల్ష్‌లో మాట్లాడతాడు. ప్రతివాళ్ళూ "అబ్బ, ఎంత చక్కగా మాట్లాడుతున్నావయ్యా!" అని ఇంగ్లీషులో మెచ్చుకుని, మిగతా సంగతి ఇంగ్లీషులోనే ముగిస్తారు. పాపం, కష్టపడుతున్నాడు గదా, ఇంకా కష్టపెట్టడం ఎందుకని వాళ్ళ ఉద్దేశం.

"అధ్యక్షా, దయచేసి వెల్ష్‌లోనే మాట్లాడండి. నాకు అర్థమవుతుంది" అన్నాడు క్లైవ్, వెల్ష్‌లో.

సభ చప్పట్లు కొట్టింది. ఇద్వాల్ గారు లేచి, గొంతు సవరించుకుని, ఇంగ్లీషులో ఉపన్యసించారు. "సోదరీ సోదరులారా! ఈ భాష మన ఊపిరి! మన తాతలు గనుల్లో బొగ్గు తవ్వుతూ ఈ భాషలో పాడారు, ఈ భాషలోనే దగ్గారు! ఈ భాష లేకపోతే మనం ఎవరం? చెప్పండి, ఎవరం?" నెస్టా కళ్ళు తుడుచుకుంది. ఆయన ఇంగ్లీషు అంత బాగుంటుంది.

తర్వాత తీర్మానం ప్రవేశపెట్టారు. బుధవారం నాడు గ్రామస్థులందరూ అన్నిచోట్లా వెల్ష్‌లోనే మాట్లాడవలెను. దానికి ఇద్వాల్ గారే ఒక సవరణ చేర్చారు: ఎదుట అర్థం కానివారు ఉన్నప్పుడు తప్ప. ఉద్యోగానికి కొత్తగా వచ్చిన ఆ అధికారిణి పేరు హెలెన్ క్రాస్బీ అని మండలి పంపిన ఉత్తరంలో ఉంది. పేరును బట్టి ఇంగ్లీషావిడ. ఇంటికొచ్చిన మనిషిని వెర్రిమొహం వేయించి కూర్చోబెట్టడం మనవల్ల కాదు కదా అన్నారు. తీర్మానం నెగ్గింది. వ్యతిరేకించింది క్లైవ్ ఒక్కడే. "సభ్యునికి స్థానిక సంప్రదాయం ఇంకా అలవడలేదు" అని నమోదు చేసుకున్నారు.

వెల్ష్ వచ్చినవాళ్ళు తగిలించుకునే నారింజరంగు బిళ్ళలు తెగ్వెన్ రెండు వందలు తెప్పించింది. మంగళవారం అందరికీ పంచింది. బుధవారం పొద్దున ఇద్వాల్ గారు ఇంటింటికీ తిరిగి వాటిని తీయించారు. అంతమంది బిళ్ళలు పెట్టుకుని ఎదురొస్తే పాపం ఆ ఒంటరి ఆడమనిషి బెదిరిపోదా?

అధికారిణి పదిగంటలకు వానలో దిగింది. మెడదాకా గుండీలు పెట్టిన నీలం వానకోటు, చేతిలో అట్టకు బిగించిన ఫారం. ముందు తపాలా కొట్టుకి వెళ్ళింది. లోపల తెగ్వెన్ ఎవరి మోకాలి ఆపరేషన్ గురించో ఐదుగురికి వెల్ష్‌లో వర్ణిస్తోంది. తలుపు గంట మోగింది. "డాక్టరు కత్తి పట్టుకుని" అన్నదాకా వెల్ష్, అక్కణ్ణుంచి ఇంగ్లీషు. మోకాలు మాత్రం అదే. ఆవిడకు వినిపించింది ఆ ఇంగ్లీషే గనక, ఆవిడా ఇంగ్లీషులోనే శుభోదయం చెప్పింది. ఇక నియమం తెలిసిందే.

గొర్రెల మందు కొట్లో అంతే. బస్టాపులో అంతే. ప్రార్థన మందిరంలో పిల్లలు నాలుగు స్వరాల్లో వెల్ష్ పాటలు పాడారు. ఇద్వాల్ గారు వాటి భావం ఇంగ్లీషులో వివరించి, ఉపన్యాసం మళ్ళీ ఒకసారి ఇచ్చారు. ఆవిడ ముగ్ధురాలై చప్పట్లు కొట్టి, ఫారం వైపు చూసి పెన్ను మూసేసింది. పాడటం వేరు, మాట్లాడటం వేరు. ఫారంలో పాటకి గడి లేదు.

క్లైవ్ ఒక్కడు ఊరంతా ఆవిడ వెనకాలే తిరుగుతూ వెల్ష్‌లో స్వాగతం పలికాడు, దారి చూపించాడు, వాన గురించి వ్యాఖ్యానించాడు. ఆవిడ చిరునవ్వు నవ్వి "చాలా బాగా మాట్లాడుతున్నారండీ" అంది, ఇంగ్లీషులో.

మధ్యాహ్నం బడి వంటింటికి వచ్చింది. నెస్టా అప్పటిదాకా బఠాణీలు తినకుండా పళ్ళెంలో దాచేవాళ్ళని వెల్ష్‌లో చెడామడా తిడుతోంది. నీలం కోటు గుమ్మంలో కనబడగానే ఆమె నాలుక దానంతటదే మడత పడింది. "రండమ్మా, తడిసిపోయారు పాపం, కూర్చోండి" అంది ఇంగ్లీషులో. పదిహేడుమంది పిల్లలూ ఆమె కన్నా ముందే మారిపోయారు. ఎంత బుద్ధిమంతులో. అంతా నెస్టా పెంపకమే.

పులుసు వడ్డిస్తున్నంతసేపూ నెస్టా కళ్ళు ఆవిడ ఫారం మీదే. ఫారం ఖాళీగా కనిపిస్తోంది. ఒక్క పిల్లనైనా వెల్ష్‌లో పిలవాలి. నోరు తెరిచింది. ఎదుట అతిథి. "ఇంకొంచెం రొట్టె వేయనా?" అని ఇంగ్లీషులోనే మూసుకుంది. తన వంటిల్లు తన నోటితోనే పోతోందని తెలుస్తూనే ఉంది. అయినా మర్యాద మర్యాదే.

నాలుగు గంటలకు అధికారిణి కారు దగ్గరికి నడిచింది. ఎండుద్రాక్షల రొట్టె ఒక డబ్బాలో పెట్టి ఇద్దామని నెస్టా వెనకే పరుగెత్తింది. ఆమె వెనక మోట్. అది నేరుగా వెళ్ళి రెండు బురద కాళ్ళూ ఎత్తి అధికారిణి కోటు మీద పెట్టింది.

"దిగరా వెధవా! అమ్మగారి బట్టలు పాడుచేస్తావా? సిగ్గులేదురా నీకు?" అని నెస్టా అరిచింది. కుక్కతో కదా, వెల్ష్‌లో.

అధికారిణి ఒంగి కుక్క చెవులు నిమిరింది. "పోనీలేరా నాన్నా. పాత కోటే. మీ అమ్మ మాటలేం పట్టించుకోకు" అంది. కుక్కతో కదా, ఆవిడా వెల్ష్‌లోనే. ఇంగ్లీషు మొగుడి ఇంటిపేరు తగిలించుకున్నా, ఆ యాస అచ్చంగా పక్క లోయది. ఒంగినప్పుడు కోటు పైగుండీ ఊడి, లోపల నారింజరంగు బిళ్ళ బయటపడింది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వాన పడుతోంది. మోట్ ఇద్దరి మధ్యా కూర్చుని, తనతో ఇద్దరు మాట్లాడుతున్నందుకు తోక ఊపింది.

నెస్టా ఒక్క మాట అంటే చాలు. నీకూ వచ్చు కదమ్మా, మాకూ వచ్చమ్మా, ఆ ఫారం ఇలా తే అనాలి. అంటే బడి నిలుస్తుంది. కానీ మధ్యాహ్నం నుంచీ ఇంగ్లీషులో ముచ్చట్లాడి, పులుసు తాగించి, ఇప్పుడు భాష మార్చడమా? ఇంతసేపూ ఇద్దరం బుద్ధిలేనివాళ్ళమని ఆవిడ మొహం మీద చెప్పినట్టు కాదూ? ఆవిడ మొహం కూడా ఎర్రగా కందిపోయింది. పెన్ను తీసింది. ఫారంలో మనిషికీ మనిషికీ మధ్య సంభాషణకే గడి ఉంది. పెన్ను లోపల పెట్టేసింది.

"ఈ వాన తగ్గేలా లేదండీ" అంది నెస్టా, ఇంగ్లీషులో.

"అవునండీ, అలాగే ఉంది" అంది ఆవిడ, ఇంగ్లీషులో. డబ్బా తీసుకుంది. కారు వెళ్ళిపోయింది. నెస్టా రోడ్డు మధ్యలో నిలబడి ఏడ్చింది. ఎందుకే ఏడుస్తున్నావని ఎవరైనా అడిగితే ఏ భాషలో చెప్పాలో తేలక, మోట్‌తో చెప్పుకుంది.

నివేదిక మూడు వారాల్లో వచ్చింది. బ్రిన్‌గ్వెర్న్ ప్రజలు అత్యంత మర్యాదస్తులు. వారి గానం హృదయాన్ని కరిగించును. వెల్ష్ వాడుక విషయానికి వస్తే, ఆ భాష మాట్లాడుతూ కనిపించిన గ్రామస్థులు ఒకరు: శ్రీ క్లైవ్ ఆగ్డెన్, స్టాక్‌పోర్ట్ వాస్తవ్యులు. అర్థం చేసుకుంటూ కనిపించినది ఒక కుక్క. కావున బడి మూసివేయడమైనది. అంతరించిన భాషను పునరుద్ధరించే పథకం కింద ఖాళీ అయిన బడి భవనంలో గ్రామస్థులకు ప్రతి గురువారం సాయంత్రం వెల్ష్ ప్రాథమిక తరగతులు నడపబడును. ఉపాధ్యాయులు శ్రీ ఆగ్డెన్. టీ కాయుటకు వారానికి రెండు గంటల కొలువు ఒకటి మంజూరు చేయడమైనది.

ఆ కొలువు నెస్టాకి దక్కింది. ఇద్వాల్ గారు దీన్ని ఉద్యమ విజయంగా ప్రకటించారు.

మొదటి గురువారం ఊరంతా వచ్చింది. వెల్ష్‌లో బైబిలు కంఠతా వచ్చిన ముసలివాళ్ళు చిన్నపిల్లల కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించి కూర్చున్నారు. క్లైవ్ ముందుకొచ్చి వెల్ష్‌లో మొదలుపెట్టాడు. "నా పేరు క్లైవ్. మీ పేరేమిటి?"

గది కరిగిపోయింది. పాపం ఎంత కష్టపడుతున్నాడు! ఒక్కొక్కరే లేచి, అతనికి శ్రమ లేకుండా, పేర్లు ఇంగ్లీషులో చెప్పారు.

అందరూ వెళ్ళాక క్లైవ్ కప్పులు అందిస్తూ వంటింటి గుమ్మంలో ఆగాడు. కళ్ళలో నీళ్ళు. "నెస్టా గారూ, ఎనిమిదేళ్ళయింది. ఈ భాష కోసం ఉన్న ఊరు వదిలి వచ్చాను. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్క మాట నాతో వెల్ష్‌లో అనండి. తిట్టండి, పరవాలేదు. ఆ కుక్కపాటి చెయ్యనా?" అన్నాడు, వెల్ష్‌లో, ఒక్క తప్పు లేకుండా.

నెస్టా చెయ్యి చాచి అతని చెయ్యి పట్టుకుంది. మాట పెదవి దాకా వచ్చింది. ఎదురుగా ఇంగ్లీషు మనిషి.

"నీకు చక్కెర రెండు చెంచాలు కదూ బాబూ?" అంది, ఇంగ్లీషులో.

ఇది చదివి నవ్వుకున్న తెలుగు పాఠకులకు ఒక మనవి. పక్కగదిలో ఉన్న మీ పిల్లల్ని కూడా పిలిచి ఈ కథ వినిపించండి. వాళ్ళకు అర్థం కావడానికి ఇంగ్లీషులో చెప్పవలసి వస్తే ఏమీ అనుకోకండి. అది మర్యాదే.