పాతది వదల్లేదు

మధ్యాహ్నం బోధన్‌లో నిశ్చితార్థం పెట్టుకొని, పొద్దున్నే కంఠేశ్వర్‌లో ఇంటిముందు మోటారుసైకిలు విప్పి కూర్చున్నాడు అనిల్‌కుమార్. పెళ్లికూతురు సౌందర్య ముందురోజు ఫోన్‌లో ఒకే ఒక్క కోరిక కోరింది. "అంత అయినంక నన్ను బండి మీద నిజాంసాగర్ కట్ట దాక తిప్పుకస్తవా?" అని. నల్లబడ్డ ఆయిలుతో, పాత ఫిల్టరుతో ఎలా తిప్పుతాడు? తల్లి అనసూయమ్మనూ, దోస్తు సాయిరాంనూ, చుట్టాలనూ జీపులో ముందే పంపేశాడు.

ఫిల్టరు కొనడంలో తప్పు చేయలేదు. దుకాణదారు చవకది ఒకటి చూపించి "అన్ని బండ్లకు పడ్తది" అంటే, "అందరికి పట్టే చెప్పు ఎవ్వని కాలికి పట్టదన్నా" అని, తన బండి మోడలు చెప్పి దానిదే తెచ్చుకున్నాడు. ఈ మాత్రం తెలివి మనలో సగం మందికి లేదు. చవకది బిగించి, ఇంజను పోయాక దేవుణ్ని తిడతారు.

అయితే అతని తెలివి దుకాణం గడప దగ్గరే అయిపోయింది. మూత విప్పాడు, కొత్త ఫిల్టరు పెట్టాడు, కొత్త రబ్బరు రింగు వేసి బలమంతా పెట్టి బిగించాడు. పాత రింగు మసిలో కలిసిపోయి మూత గాడిలోనే అతుక్కొని ఉంది. చూడలేదు. రింగు మీద రింగు కూర్చుంటే పహిల్వాను వచ్చి బిగించినా ఆయిలు ఆగదు.

బోధన్ దారిలో ఎడపల్లి దగ్గర ఆయిలు కారడం మొదలైంది. కొత్త ప్యాంటు మోకాలి దాకా నల్లబడ్డాక బండి ఆపి, మూత విప్పి, సంగతి కనిపెట్టి, లోపల ఆయిలు దారికి ఉండే చిన్న రింగు ఊడి వస్తే అరచేతిలో పెట్టుకొని, సాయిరాంకు ఫోన్ చేశాడు.

సాయిరాం అప్పటికే సౌందర్య వాళ్ల పందిట్లో ఉన్నాడు. మైకు మోతలో అరిచి మాట్లాడాల్సి వచ్చింది. పక్క కుర్చీలో సౌందర్య నానమ్మ అంజవ్వ ఆకు నములుతోంది. ఆమెకు వినబడింది సాయిరాం గొంతు ఒక్కటే.

"ఏందీ? పాతదాన్ని వదిలిచ్చుకోకుండనే కొత్తదాన్ని తెచ్చినవా? థూ, సిగ్గున్నదారా నీకు!"

అంజవ్వ నోట్లో ఆకు ఆగిపోయింది.

"గన్నేండ్ల సంది ఉన్నది, అతుక్కోకుంటే ఏం జేస్తది? దాని నెత్తి మీద దీన్ని తెచ్చి కూసోవెడ్తవా? ముందుగాల దాన్ని పీకి అవతల పారెయ్... ఏందీ, చిన్నది గూడ ఉన్నదా? చిన్నదాన్ని మాత్రం పదిలంగ చూస్కో!"

అంజవ్వ లేచి కోడలు ఈరవ్వ చెవిలో "పిలగానికి ఇంకోతి ఉన్నదట" అంది. "చిన్నది గూడ ఉన్నదట" అని ఈరవ్వ వంటలవాళ్లకు చెప్పింది. బగారా అన్నం గంజు దగ్గర ఆ చిన్నదాన్ని బడిలో కూడా వేశారు. సౌందర్య తండ్రి ముత్తన్నకు ముచ్చట చేరేసరికి అది రెండో తరగతికి వచ్చింది.

ముత్తన్న సూటిగా అనసూయమ్మ దగ్గరికి పోయాడు. "చెల్లె, నీ కొడుకు ఎందుకు ఎనుకబడ్డడు?"

"ఏమోనే అన్నా, దాన్నొకపారి చూస్కొని వస్త అన్నడు" అంది ఆ పిచ్చితల్లి.

కంఠేశ్వర్‌కే పోయి తేల్చుకుందామని ముత్తన్న ట్రాక్టరు తీశాడు. తమ్ముళ్లు చేతికందిన చెరుకు గడలు పట్టుకొని ట్రాలీ ఎక్కారు. పట్టుచీరతోనే సౌందర్య కూడా ఎక్కింది.

"నువ్వెందుకు బిడ్డా?"

"బతుకు నాది బాపూ. అడిగేది నేనే."

రోడ్డు పక్క కూర్చున్న అనిల్‌కు ట్రాక్టరు కనబడగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. అందరూ తన కోసమే వచ్చారు!

"ఏడున్నదిరా అది?" ముత్తన్న దూకాడు.

"గిదే మామా!" అనిల్ నల్లటి రబ్బరు రింగు ఎత్తి చూపించాడు. "గట్టిగ పట్టుకున్నది. స్క్రూడ్రైవర్‌తోని పీకితే వదిలింది."

ముత్తన్న దాన్ని చూశాడు. అల్లుణ్ని చూశాడు. "మరి... చిన్నది?"

అనిల్ రెండో అరచేయి తెరిచాడు. చిన్న రింగు. "పదిలంగనే ఉన్నది మామా."

చెరుకు గడలు మెల్లగా కిందికి దిగాయి. ఒక తమ్ముడు తన గడను నమలడం మొదలుపెట్టాడు. లేకపోతే దాన్నెందుకు తెచ్చినట్టు?

"సాయిరాంగానికి ఒక్క ఫోన్ జేస్తే ఇంతమంది ఉరికొచ్చిండ్రా!" అనిల్ ఆయిలు చేతులు జోడించాడు. "లగ్గం గాకముందే గింత పాయిరమా, గింత ప్రేమనా మామా? మా బాపు ఉంటే గిట్లనే వస్తుండె."

ముత్తన్న గొంతు సవరించుకున్నాడు. "అల్లుడు రోడ్డు మీద ఉంటే... రాకుంటమా మరి?"

సౌందర్య కొంగు నోట్లో కుక్కుకొని నవ్వుతోంది. పట్టుచీర అని కూడా చూడకుండా వచ్చి, పెద్ద రింగు లాక్కొని పొదల్లోకి విసిరింది. "ఇగ దీని ముచ్చట ఒడిసింది. చిన్నదాన్ని నేనే సాదుకుంట."

బండిని ట్రాలీలో వేసుకొని ఊరేగింపులా తీసుకుపోయారు. నిశ్చితార్థం జరిగింది. అనిల్ మైకు అందుకొని అత్తగారి మనుషులకు పేరుపేరునా దండం పెట్టాడు. తర్వాత కంఠేశ్వర్ అంతా చెప్పుకొని తిరిగాడు. అసలు సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. అంతగా మొక్కేవాడికి ఎవరు చెప్తారు?

ఇప్పుడు బోధన్ రోడ్డు మీద ఎవరి బండి ఆగినా ఫోను ముత్తన్నకే పోతుంది. తిట్టుకుంటూనే ట్రాక్టరు తీస్తాడు. మంచివాడని పేరొచ్చాక ఇంకేం చేస్తాడు!